చెవుల మాస్టారూ, చేపల తొట్టి హీటరూ

ఆ వీధిలో ఆయన్ని అందరూ చెవుల మాస్టారు అంటారు. బళ్ళో పాఠాలు చెప్పినవాడేం కాదు. చెవి మిషన్లు అమ్మే కొట్లో వినికిడి పరీక్ష చేసి, ఎవరి చెవికి ఏ మిషను సరిపోతుందో చూసి బిగించే ఉద్యోగం ఆయనది. కుర్రతనంలో రేడియోలు బాగుచేసే చోట ఉండేవాడు. రేడియో మూత తీయకుండానే, అది గొణిగే తీరునిబట్టి లోపల ఏది చెడిందో చెప్పేసేవాడు. ఆ చెవులు చూసి ముచ్చటపడి, చెవి మిషన్ల కొట్టు పెద్దాయన పిలిచి మరీ ఉద్యోగం ఇచ్చాడు. అప్పట్నించీ ఆయనకి అన్నం పెట్టినవీ, పేరు తెచ్చినవీ ఆ రెండు చెవులే.

ఆ చెవులు ఇప్పుడు సగం పనిచెయ్యవు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

అది ఆయనకి తెలిసొచ్చిన వైనం కూడా తమాషాగానే ఉంటుంది. ప్రతి ఉదయం కొట్టు తెరవగానే పరీక్షలు చేసే అద్దాల గదిలో కూర్చుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పరీక్ష మిషను సరిగ్గా మోగుతోందో లేదో వినడం ఆయన అలవాటు. ఒకరోజు బొంగురు చప్పుళ్ళు వచ్చాయి గానీ సన్న చప్పుళ్ళు రాలేదు. ఎంత పెంచినా రాలేదు. మిషను చెడిందని కంపెనీకి ఫోను చేసి, అవతలివాడికి నోరెత్తే సందు ఇవ్వకుండా చెడామడా దులిపేశాడు. కంపెనీ మనిషి పరుగున వచ్చి, విని, "భేషుగ్గా ఉందండీ, మీకేమనిపించింది?" అని అడిగాడు. మాస్టారు హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు. "ఇప్పుడు బాగానే ఉందిలే," అని పంపేశాడు. ఆ తర్వాత కూడా పొద్దున్నే హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం మానలేదు. పెట్టుకుని, ఏమీ వినకుండానే, బాగుందన్నట్టు తల ఊపి బయటికొస్తాడు.

నిజానికి పరీక్ష చేసేవాడికి వినపడక్కర్లేదు. లోపల కూర్చున్న మనిషి చప్పుడు వినపడగానే బటను నొక్కుతాడు, బయట ఎర్ర దీపం వెలుగుతుంది. కళ్ళు బాగుంటే చాలు. మాస్టారి కళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

ఇక వచ్చినవాళ్ళకి ఆయనిచ్చే ఉపన్యాసం వినాలి. "కళ్ళజోడుకి లేని సిగ్గు చెవి మిషనుకెందుకండీ? దాచుకోడానికి ఇదేమన్నా దొంగతనమా? వినపడకపోవడం తప్పు కాదు, వినపడుతున్నట్టు నటించడం తప్పు!" ఈ ముక్కలు ఎంత తీయగా చెబుతాడంటే, ముఖం వేలాడేసుకుని వచ్చినవాళ్ళు నవ్వుతూ మిషను పెట్టించుకుని వెళ్ళేవారు. ఆ తీపి ఆయన నాలిక మీద ఉండేది గానీ సొంత చెవిదాకా పాకేది కాదు. తనకే వినపడదని తెలిస్తే ఇంకెవరు తన ముందు కూర్చుంటారు? ఉద్యోగం మాట అటుంచండి, చెవుల మాస్టారన్న పేరు పోతే ఆయన దగ్గర మిగిలేదేముంది?

ఇంట్లో మాత్రం నేరం ఎప్పుడూ ఎదుటివాళ్ళదే. "ఏవండీ, ఎన్నిసార్లు పిలవాలి?" అని భార్య వంటింటి గుమ్మంలో నిలబడితే, "గోడవైపు తిరిగి గొణిగితే ఎవరికి వినపడుతుందే?" అని ఎదురు తగులుకునేవాడు. ఆవిడ గొణుగుడు వీధి మలుపులో చెప్పుల కొట్టు దాకా వినపడుతుంది.

పెద్దాయన పోయాక ఆయన కూతురు కొట్టు చూసుకోవడం మొదలుపెట్టింది. ముందు హాలుకి కళ వచ్చింది. మెత్తటి సోఫా, దాని పక్కనే పొడుగాటి చేపల తొట్టి. చేపల్ని చూస్తూ కూర్చుంటే మిషను కొత్తగా పెట్టుకునేవాళ్ళకి బెదురు తగ్గుతుందని ఆవిడ ఎక్కడో చదివిందట. అందుకని మిషను పెట్టి చూపించడం కూడా ఆ సోఫా మీదే. చలి మొదలయ్యాక చేపలు తొట్టి అడుగుకి చేరి కదలడం మానేశాయి. నీళ్ళు వెచ్చగా ఉంచే హీటరు కావాలి, అదీ చప్పుడు చెయ్యనిది కావాలి. ఆ పని ఇంకెవరికి అప్పజెబుతారు? మాస్టారు చేపల కొట్టుకి వెళ్ళి, అక్కడున్న గాజు గొట్టాల్లాంటి హీటర్లన్నిటినీ నీళ్ళలో పెట్టించి, కళ్ళు మూసుకుని, చెవులు రిక్కించి విన్నాడు. అన్నీ నిశ్శబ్దంగానే ఉన్నాయి. వాటిల్లోంచి మరీ నిశ్శబ్దంగా ఉన్నదాన్ని ఎంచి తెచ్చాడు.

అది పెట్టాక చేపలు లేచాయి, మిషన్ల అమ్మకం పడుకుంది.

ముందుగా వచ్చినాయన రిటైరైన బస్సు కండక్టరు. మిషను చెవిలో పెట్టగానే ఉలిక్కిపడ్డాడు.

"ఏంటండీ ఇది, జుయ్యిమంటోంది?"

"కొత్త కదండీ, అలవాటు పడితే సర్దుకుంటుంది," అన్నాడు మాస్టారు.

"దేనికండీ అలవాటు పడేది? చెవిలో తుమ్మెద దూరినట్టుంటే!"

మాస్టారు ఆ మిషనుకి విని చూసే గొట్టం తగిలించి, తన చెవిలో పెట్టుకుని, పెద్దమనిషి తరహాగా విని, "ఏ చప్పుడూ లేదే," అన్నాడు. కండక్టరుకి సరిపెట్టిన మోత ఆయన చెవికి చాలదు మరి. ఇంకో రకం పెట్టాడు. అదీ జుయ్యే. కండక్టరు రెండూ తీసి బల్ల మీద పెట్టి, "మీ కొట్లో అన్నీ తుమ్మెదలే ఉన్నాయి," అని వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చిన ముసలావిడ జుయ్యి కాదు, గిర్రుమంటోందంది. ఆ వెనక వచ్చిన దర్జీ అయితే తన కుట్టుమిషను ఇక్కడికెలా వచ్చిందని అడిగాడు. మాస్టారు ప్రతి మిషనూ విప్పి తుడిచి, బ్యాటరీ మార్చి, మళ్ళీ బిగించాడు. మిషన్లు మెరిసిపోయాయి. జనం మాత్రం పెట్టుకున్నది పెట్టుకున్నట్టే తీసేసి వెళ్ళిపోతున్నారు.

ఒక శుక్రవారం యజమానురాలు ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "మాస్టారూ, సోమవారం కంపెనీ ఇంజనీరుని రమ్మన్నాను. మిషన్లూ, హాలూ అన్నీ చూస్తాడు. మీరు పక్కనుంటే చాలు."

పక్కనుంటే చాలట! ఇంజనీరన్నవాడు ఊరుకుంటాడా? మిషను చేతిలో పెట్టి, ఇదిగో వినండి, ఈ చప్పుడేనా, దానికన్నా ఇది తక్కువా ఎక్కువా అని అడుగుతాడు. పక్కన యజమానురాలు, రిసెప్షన్ అమ్మాయి నిలబడి చూస్తుంటారు. ఇన్నేళ్ళ గుట్టు నలుగురిలో రట్టవుతుంది. వాడు వచ్చేలోగా ఆ చప్పుడేదో తను వినితీరాలి. వినాలంటే ఒక్కటే దారి. ఆ దారి ఇన్నాళ్ళూ పక్కవాళ్ళకి చూపించడమేగానీ తను నడిచింది లేదు.

శనివారం మధ్యాహ్నం యజమానురాలు బ్యాంకుకి వెళ్ళింది. రిసెప్షన్ అమ్మాయి క్యారేజీ పట్టుకుని పక్క కొట్లో స్నేహితురాలి దగ్గరికి వెళ్ళింది. మాస్టారు తలుపు దగ్గరగా వేసి, చూపించడానికి ఉంచిన మిషన్లలోంచి చెవి వెనక దాగేదొకటి తీసి, తనకెంత కావాలో అంచనా వేసుకుని, పెట్టుకున్నాడు.

ముందు వినపడింది తన చెప్పులే. నేలమీద ఇంత అసహ్యంగా ఈడ్చుకుంటూ నడుస్తున్నానా అని ఆయనకి సిగ్గేసింది. తర్వాత గోడ గడియారం. పెద్దాయన పెట్టిన గడియారం అది, టిక్కుటిక్కుమంటూనే ఉంది. అది చప్పుడు చెయ్యడం మానేసిందనుకుని దాన్ని మర్చిపోయి ఎన్నాళ్ళయిందో. బల్లమీద కాగితం అటూ ఇటూ కదిపాడు, గలగలమంది. మళ్ళీ కదిపాడు. ఇవన్నీ ఎక్కడికీ పోలేదు. తనే పోయాడు.

అప్పుడు వినపడింది జుయ్యి.

కండక్టరు అబద్ధమాడలేదు. మాస్టారు మిషను తీసి చూశాడు, ఇంకోటి పెట్టి చూశాడు. అదే చప్పుడు. అయితే అద్దాల గదిలోకి వెళితే తగ్గింది, హాల్లోకి వస్తే పెరిగింది. సోఫా దగ్గర ఇంకా పెరిగింది. తొట్టి మీదకి వంగేసరికి చెవులు హోరెత్తిపోయాయి. మిషన్లలో ఏ దోషమూ లేదు. అవి వినిపించాల్సినదాన్ని చక్కగా వినిపిస్తున్నాయి. జనం కొనకుండా పోయింది, వినపడుతున్నందుకు!

పాత రేడియోల రోజులు గుర్తొచ్చి ఆయనకి హుషారు పుట్టింది. ముందు గాలి పంపు ప్లగ్గు తీశాడు. బుడగలు ఆగాయి, జుయ్యి ఆగలేదు. తొట్టి దీపం ఆర్పాడు, ఆగలేదు. హీటరు ప్లగ్గు తీశాడు. టక్కున ఆగింది. "నువ్వా!" అన్నాడు పైకే. తను ఏరికోరి తెచ్చిన నిశ్శబ్దం అది. మళ్ళీ ప్లగ్గు పెట్టి, చిన్న చెక్క స్కేలుతో నీళ్ళలోని హీటరుని తొట్టి గోడనుంచి కాస్త ఎడంగా నెట్టాడు. చప్పుడు పోయింది. స్కేలు తీశాడు, వచ్చింది. దొంగ దొరికాడు. హీటరుని తొట్టి గోడకి పట్టి ఉంచే రబ్బరు గిన్నెల్లో ఒకటి కొట్లోనే గట్టిపడి ఉందేమో, అతుక్కోక ఊడిపోయింది. దాంతో గాజు గొట్టం వాలి తొట్టి గాజుకి తగిలి, వేడెక్కినప్పుడల్లా అదురుతోంది. ఆ అదురుకి తొట్టి మొత్తం మోగుతోంది. నీళ్ళు కూడా ఆవిరైపోయి, హీటరు మీద నీటిమట్టానికి గీసిన గీత కంటే కిందికి దిగాయి.

ప్లగ్గు తీసి, గొట్టం చల్లారేదాకా ఓపిగ్గా ఆగాడు. వేడి గాజుని నీళ్ళలోంచి ఎత్తితే పగులుతుందని తెలిసినవాడే. తర్వాత దాన్ని పైకి తీసి, తెల్లగా పేరుకున్న సున్నపు పొర తుడిచాడు. ఊడిన రబ్బరుకి బదులు ఏం పెట్టాలా అని సొరుగు వెతికితే, మిషన్ల చివర తొడిగి చెవిలో పెట్టే మెత్తటి సిలికాన్ బుడిపెలు కనిపించాయి. వాటిల్లో పెద్ద సైజువి ఏరి, గొట్టానికీ గోడకీ మధ్య దిండులా అమిర్చి, హీటరుని కదలకుండా నిలబెట్టాడు. చెవికి పనికొచ్చేది హీటరుకి పనికిరాదా ఏం? బాటిలుతో మెల్లగా నీళ్ళు పోసి, ప్లగ్గు పెట్టి, తొట్టి వెనక వంగి విన్నాడు. హీటరు దీపం వెలిగింది. జుయ్యి లేదు. సోమవారం వాడొచ్చి ఏం చేస్తాడో చేసుకోనీ అనుకున్నాడు మాస్టారు, యుద్ధం గెలిచినవాడి మల్లే.

అంతలో తలుపు తెరుచుకుంది. ఆ కిర్రు కూడా ఆయనకి వినపడింది. యజమానురాలూ, రిసెప్షన్ అమ్మాయీ కలిసే వచ్చారు. మాస్టారి వీపు అటు ఉంది. మిషను తీద్దామని చెయ్యి చెవిదాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.

"సోమవారం సంగతి బాబాయ్‌గారికి చెప్పారా మేడమ్?" అంది మాస్టార్ని బాబాయ్ అని పిలిచే ఆ అమ్మాయి, మామూలు గొంతుతో.

"ఎదురుగా కూర్చుని చెప్పాను. వెనకనుంచి చెబితే ఆయనకి వినపడదుగా."

"ఇంజనీరుగారికి కూడా చెప్పారా?"

"అంతా చెప్పాను. మిషన్లు చూసినట్టు చూసి, హీటరు వల్లే చప్పుడొస్తోందని ఆయనే కనిపెట్టినట్టు చెబుతాడు. మాస్టార్ని ఏదీ వినమని అడగొద్దని మరీ మరీ చెప్పాను."

"నేనొకసారి చెప్పి చూశాను మేడమ్, హీటరు జుయ్యిమంటోంది బాబాయ్‌గారూ అని. 'నేనే విని తెచ్చాను, చప్పుడే లేదు' అన్నారు. ఇంక రెట్టించలేకపోయాను."

"మనం కొత్తది తెచ్చి మార్చినా ఎందుకు మార్చారని అడుగుతారు. ఏం చెబుతాం? అమ్మకాలదేముంది, ఇవాళ కాకపోతే రేపు పుంజుకుంటాయి. ఆయన చిన్నబుచ్చుకుంటే మాత్రం నేను చూడలేను. నాన్నగారు కూడా పోయేముందు అదే చెప్పారు. మాస్టారికి వినపడటం తగ్గింది, ఆయన చెప్పేదాకా మీరు ఎత్తకండి అని."

మాస్టారు నీళ్ళ బాటిలు పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు. ముందు ఒళ్ళు మండింది. వీళ్ళందరూ కలిసి తనని చంటిపిల్లాడిలా ఆడిస్తున్నారా అనుకున్నాడు. ఆ మంట ఎంతోసేపు నిలవలేదు. తను గుట్టు దాచుకుంటున్నానని మురిసిపోతూ తిరిగాడు. వీళ్ళు ఆ గుట్టుని తనకంటే జాగ్రత్తగా, తనకి తెలియకుండా, నష్టపోతూ మరీ దాచిపెట్టారు. పొద్దున్నే తను అద్దాల గదిలోంచి తల ఊపుకుంటూ బయటికి రావడం వీళ్ళు చూస్తూనే ఉన్నారు. తలుచుకుంటే సిగ్గేసింది, కళ్ళు కూడా చెమ్మగిల్లాయి.

యజమానురాలు ఆయన్ని అప్పుడే చూసినట్టుంది. గబగబా తొట్టి ఇవతలికి వచ్చి, రోజూలాగే ఆయన ముఖానికి ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడదీసి గట్టిగా అడిగింది.

"మాస్టారూ! భోజనం! అయిందా?"

మాస్టారు అదిరిపడి చెవి మూసుకున్నాడు. చేతివేళ్ళ సందున చెవి వెనక మిషను కనిపించింది. ఆవిడ దాన్ని చూసి, రిసెప్షన్ అమ్మాయి వైపు చూసి, మళ్ళీ మాస్టారి వైపు తిరిగింది.

"కాస్త మెల్లగా మాట్లాడమ్మా," అన్నాడు మాస్టారు. "వినపడుతోంది."