ఊపిరి గీతలు

మొన్న మా కడప ఇంటికి సున్నం వేయించాను. తడి గోడ వాసన ముక్కుకు తగలగానే వంటింటి గడపలో అట్లాగే నిలబడిపోయాను. నాకు ఘాటు తగిలిందనుకుని పనివాడు కిటికీ తెరిచాడు. ఘాటు కాదు నాయనా, పాత సిగ్గు. ఆ వాసన వస్తే నాకు నా పదిహేడో ఏడు గుర్తొస్తుంది. చేతిలో తడిగుడ్డ, ఎదురుగా నేనే తుడిచేసిన గోడ, వెనక హుసేన్ సాహెబు గొంతు. ఆయన్ను మీరెవరూ చూసి ఉండరు. అప్పట్లో మేముండిన కోయిలకుంట్లలో, ఆసుపత్రి కాంపౌండరు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎవరు ఏం చెప్పినా "ఆ తర్వాత?" అని అడిగేవాడు. ఆ అడగడంతో జనానికి విసుగు పుట్టేది. నాకైతే బతుకు దొరికింది.

కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులవి. ఊళ్ళో అందరికీ అదే ముచ్చట. నాకు మాత్రం ఊపిరి తీసుకోవడమే పెద్ద పని. తొమ్మిదో ఏట పట్టుకున్న ఉబ్బసం నన్ను బడి మాన్పించింది. పెరుగు వద్దు, వంకాయ వద్దు, అరటిపండు వద్దు. ఆయాసం మొదలైతే చాలు, అమ్మ తలుపులన్నీ మూసి సాంబ్రాణి పొగ వేసేది. ఇరుగు పొరుగు ఆడవాళ్ళు నా చుట్టూ చేరి కళ్ళొత్తుకునేవాళ్ళు. ప్రేమ తక్కువై కాదు, ఎక్కువై నన్ను చంపినంత పని చేశారు పాపం.

ఒకరోజు డాక్టరుగారు ఇంజెక్షన్ ఇచ్చి వెళ్ళాక, సూది కడుగుతూ సాహెబు అడిగాడు.

"ఎన్నేండ్లుగా పత్యం చేస్తాండావు పాపా?"

"ఎనిమిదేండ్లు."

"తగ్గిందా?"

"లేదు."

"అట్లయితే పెరుగన్నా తిను. ఉబ్బసమూ ఉండి, పెరుగూ లేకుంటే ఎట్ల?"

అమ్మ బిత్తరపోయింది. నాకు నవ్వొచ్చింది. ఆ వారమే ఆయన మా ఇంటికొచ్చి తలుపులు తెరిపించాడు, సాంబ్రాణి మాన్పించాడు, జనాన్ని దూరంగా కూర్చోబెట్టాడు. మోకాళ్ళ మీద చేతులానించి ముందుకు వంగి కూర్చోమన్నాడు. "గాలి కోసం ఎగబడొద్దు. ముందు ఉండేదాన్ని వదులు. వేడిపాల మీద ఊదినట్ల, మెల్లగా" అన్నాడు. భయం తగ్గితే ఆయాసం కూడా కొంచెం తగ్గుతుందని నాకు మొదటిసారి తెలిసింది.

మందు డాక్టరుగారిది, విచారణ తనది అనేవాడు సాహెబు. ఉబ్బసం ఎప్పుడొచ్చింది, అంతకుముందు ఏం చేస్తున్నారు, ఇంట్లో ఏం జరిగింది, ఇదీ ఆయనకు కావలసింది. అడిగితే ఎవరికీ గుర్తుండేది కాదు, గుర్తున్నవాళ్ళు ఆయనకు నచ్చేట్టు చెప్పేవాళ్ళు. అందుకని ఒక ఉపాయం పన్నాడు. మా వైపు ఆడవాళ్ళు పాలు పోయించుకున్న రోజు వంటింటి గోడ మీద గీత పెట్టుకుంటారు. "పాలకు గీతలు పెడతారు, ఊపిరికి పెట్టలేరా?" అన్నాడు. బాగున్న రోజు సున్నపు గీత, ఆయాసం వచ్చిన రోజు బొగ్గు గీత. రెండు మూడు నెలలకోసారి ఇల్లిల్లూ తిరిగి ఆ గీతలన్నీ తన నోటుపుస్తకంలోకి ఎక్కించుకునేవాడు. కొర్రలు చెరిగే ఇంట్లో ఒక రకంగా, పొగ ఎక్కువుండే ఇంట్లో ఇంకో రకంగా, అత్తాకోడళ్ళు పోట్లాడుకునే ఇంట్లో మరో రకంగా బొగ్గు గీతలు పడేవి. ఆసుపత్రిలో వాళ్ళు ఆయన్ను గోడల కాంపౌండరని వెక్కిరించేవాళ్ళు. ఆయనకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

మా గోడ మీద రెండు నెలల గీతలు పడ్డాక నాకు సంగతి అర్థమైంది. సంత మరునాడు బొగ్గు, ఆ మరునాడు బొగ్గు, తర్వాత నాలుగు రోజులు తెలుపు. మళ్ళీ సంత, మళ్ళీ బొగ్గు. సంత రోజునే నాన్న పత్తి కొనేవాడు. ఏళ్ళ తరబడి ఎవరి దుకాణంలోనో గుమాస్తాగా పనిచేసి, ఆ ఏడే సొంతంగా పత్తి వ్యాపారం పెట్టాడు. కొట్టు లేదు, గోదాము లేదు. బండ్లు వచ్చి పత్తి కుక్కిన బోరాలు మా ముందరి పడసాలలోనే దింపేవి, ఆ నూగు ఇల్లంతా లేచేది. పత్తి ఇంట్లో వద్దంటే నాన్న మళ్ళీ గుమాస్తాగా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఆ మాట నా నోటితో ఎట్లా చెప్పను? తడిగుడ్డ తీసుకుని బొగ్గు గీతల్లో సగం తుడిచేశాను. తుడిచిన చోట సున్నపు గీతలు దిద్దుతుండగానే సాహెబు వచ్చాడు.

"గోడ కడిగినావా?"

"పండగ వస్తాంది కదా సార్."

"ఏం పండగ?"

తిడతాడనుకున్నాను. ఆయన పీట లాక్కుని కూర్చుని, "ఎవరి కోసం తుడిచినావు పాపా?" అన్నాడు.

ఎందుకని అడిగి ఉంటే ఇంకో అబద్ధం చెప్పేదాన్నే. ఎవరి కోసమని అడిగేసరికి ఏడుపు ఆగలేదు. అంతా చెప్పాను.

"మీ నాయనకు నేను చెప్పను" అన్నాడు. "బయటోడు చెప్తే వాదన అయితాది. నువ్వు గీతలు మళ్ళీ పెట్టు. ఆయనే చూసుకుంటాడు. డాక్టరుకు అబద్ధం చెప్పినా ఫరవాలేదు, గోడకు మాత్రం చెప్పొద్దు."

మళ్ళీ పెట్టాను. సంత రోజులు తెలిసేట్టు కింద చిన్న చుక్క కూడా పెట్టాను. రెండు రోజుల తర్వాత పొద్దున్నే పాల గీత పెట్టబోయిన అమ్మ నన్ను కేకేసింది. నా గీతలకు పైన, నా చెయ్యి అందని ఎత్తులో, ఇంకో వరుస బొగ్గు గీతలున్నాయి. అవీ నా చుక్కలున్న చోటికి సరిగ్గా పైనే గుంపులు గుంపులుగా ఉన్నాయి.

సాహెబు వచ్చి ఆ వరుస చూసి, పడసాలలో ఉన్న నాన్నను పిలిచాడు. "ఏం శెట్టీ, నీకూ వస్తాందా?"

నాన్న తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "బోరాలు దించిన రోజల్లా ఎద పట్టుకుంటాది. ముక్కుపొడుం వల్లని ఇంట్లో చెప్తాంటి."

"చెప్పుంటే ఏమయ్యుండు?"

"పత్తి నిలిచిపోతాది. దీని మందులకు ఆ పత్తే కదా సాహెబూ ఆధారం."

నేను ఆయన కోసం దాచాను, ఆయన నా కోసం దాచాడు. ఇద్దరం ఒకే కప్పు కింద ఒకే దుమ్ము పీలుస్తూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం. సాహెబు రెండు వరుసలూ నోటుపుస్తకంలోకి ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

తర్వాతి సంతకు బండ్లు మా గుమ్మం దాటి ఊరి చివరికి పోయాయి. అక్కడ గోదామున్న ఒకాయనతో నాన్న పొత్తు కలిశాడు. లాభంలో సగం ఆయనదే. అమ్మ నొచ్చుకుంటే, "పత్తిని యాడైనా పెట్టుకోవచ్చు. బిడ్డను యాడ పెట్టుకునేది?" అన్నాడు. బొగ్గు గీతలు పూర్తిగా పోలేదు కానీ పలచబడ్డాయి. నేను మళ్ళీ చదివాను, నర్సునయ్యాను, కడపలో ఉద్యోగం చేశాను.

ఉబ్బసం నన్నింకా వదల్లేదు. నేను వదిలేసింది "బాగున్నాను" అనే మాటను. పిల్లలు ఫోన్ చేసి ఎట్లా ఉన్నావమ్మా అంటే ఉన్నదున్నట్టు చెప్తాను. "నిన్న రెండుసార్లు వచ్చింది. భయపడొద్దు, తెలిసి ఉండండి" అంటాను. తర్వాత మెల్లగా, వాళ్ళు నాకు చెప్పకుండా దాచుకున్నవి ఒక్కొక్కటే బయటికొస్తాయి.