పళ్లెం దాటించిన ఆదివారాలు

రాయపూర్ ఛత్తీస్‌గఢ్‌కు రాజధాని అయిన కొత్తల్లో మా తెలుగు క్రైస్తవ సంఘం రైల్వే కాలనీ పక్కన ఒక అద్దె హాల్లో కూడేది. ప్రతి ఆదివారం ప్రభువు జ్ఞాపకంగా రొట్టె విరిచేవాళ్లం. బల్ల మీద పండరీ బట్టల బజారులో కొన్న తెల్లగుడ్డ, దాని మీద రొట్టె పళ్లెం, ద్రాక్షరసం గిన్నె. ఆ పళ్లెం ఎవరి ముందు ఆగాలో, ఎవరిని దాటిపోవాలో చూడడం నా పని. వారమంతా రైళ్లలో టికెట్లు తనిఖీ చేసేవాణ్ణి. ఆదివారం కూడా ఆ బుద్ధి నన్ను వదిలేది కాదు.

నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే మా దగ్గర రొట్టె. వాళ్లనే "బ్రదర్" అని పిలిచేవాళ్లం. మిగతావాళ్లను పేరు చివర "గారూ" చేర్చి పిలిచేవాళ్లం. బయటివాళ్లకు అది మర్యాదలాగే వినబడేది. వాళ్లు మాలో కలవలేదని గుర్తు చేయడానికే అలా పిలుస్తామని మాకు తెలుసు.

ఊరి చివర ఫ్యాక్టరీలుండే బీర్‌గావ్ నుంచి ఒకాయన భార్యను సైకిలెక్కించుకుని వచ్చేవాడు. శ్రీకాకుళం వైపు మనిషి, ఇనుము ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని. పసితనంలో వాళ్ల ఊరి పాస్టరు నెత్తిన నీళ్లు చల్లి ఇచ్చిన బాప్తిస్మం ఆయనది. అది చెల్లదు, మళ్లీ మునగాలని చెప్పింది నేనే.

"మాయమ్మ నన్నెత్తుకోని ఇప్పించిందండి. అది సెల్లదంటే మాయమ్మ పేర్దన కూడా సెల్లనట్టే గదేటండీ?" అన్నాడు.

ఆయన భార్య మాత్రం మా దగ్గరే మునిగింది. అందుకని ఆడవాళ్ల వైపు పళ్లెం ఆమె ముందు ఆగేది, మగవాళ్ల వైపు ఆయన్ని దాటేది. తొమ్మిదేళ్లు అలా దాటించాను. ఆయన పళ్లెం రెండు చేతులా అందుకుని, తను ముట్టకుండా పక్కవాళ్లకు ఇచ్చేవాడు. ఒక్కసారైనా మొహం ముడుచుకోలేదు. ముడుచుకుని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఒకసారి నాకు కాలు విరిగింది. బ్రదర్లలో ఇద్దరు ఫోన్ చేశారు. ఈయన మాత్రం డ్యూటీ దిగి, అంత దూరం సైకిలు తొక్కుకుంటూ వచ్చి, రోజూ నా ఒళ్లు తుడిచి వెళ్లేవాడు. మూడు వారాలు చేశాడు. అప్పుడు కూడా నా నోట "బ్రదర్" అన్న మాట రాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక ఎండాకాలం కొలిమి దగ్గరే గుండె ఆగి పోయాడు. సమాధి దగ్గర ప్రార్థన నన్నే చేయమన్నారు. మావాళ్లయితే "ప్రభువునందు నిద్రించాడు" అంటాం. ఆ మాట కోసం ఆయన భార్య నా మొహంలోకే చూస్తోంది. నేను అనలేదు. చివరికి తనే అడిగింది.

"మా ఇంటాయన పెబువు దగ్గరికే ఎల్లాడు గదేటి బాబూ?"

అవునమ్మా అంటే సరిపోయేది. "తీర్పు మనది కాదమ్మా, అది దేవుడికే తెలుసు," అన్నాను.

ఆ మాటలో తప్పు లేదు. కానీ అంతకు నెల ముందే మా సంఘ పెద్ద ఒకాయన పోయాడు. సొంత తమ్ముడితో పదేళ్లు మాటల్లేని మనిషి. ఆయన సమాధి దగ్గర నాకు ఆ మాట గుర్తే రాలేదు, తిన్నగా పరలోకానికి పంపేశాను. ఈయన విషయంలో మాత్రం తీర్పు నేనే చెప్పేసి, దేవుడి సంతకం పెట్టాను.

తర్వాతి ఆదివారం ఆమె ఆటోలో వచ్చింది. ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. నేను పళ్లెం తీసుకెళ్లి ఆమె ముందు ఆగాను. రెండు చేతులా అందుకుని, ముట్టకుండా పక్కామెకు ఇచ్చేసింది.

"తీసుకో సిస్టర్," అన్నాను.

"వొద్దు బాబూ. ఆయన ఎక్కడున్నాడో మీకు తెల్దన్నారు గదా. ఆయనున్న సోటికే నేనూ ఎల్తాను."