మరదలి ఆటలో బావ లేడు

ఆ రోజుల్లో మా ఇళ్లల్లో మగపిల్లవాడికి పెళ్లి దిగులు అంటూ పెద్దగా ఉండేది కాదు. మేనమామకు కూతురు పుట్టిందంటే చాలు, ఉయ్యాల దగ్గరే "ఇది మావాడిదే" అని పెద్దవాళ్లు తీర్మానించేసేవాళ్లు. (ఉయ్యాల్లో ఉన్నదాని ఉద్దేశం ఏమిటని అడగాలన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు.) ఆ రోజుల్లో అన్నానని ఏ తాతల కాలమో అనుకోకండి. చేతికో సెల్‌ఫోను, ఇంటింటికీ ఇంటర్నెట్టు వచ్చేసిన కాలమే. ధర్మవరంలో మాకు మగ్గాలున్నాయి, ఒక చిన్న పట్టుచీరల దుకాణం ఉంది. డిగ్రీ అయిందనిపించుకుని నేను నాయన కింద పనిలో కుదిరాను. హిందూపురం దుకాణాలకు చీరలు తీసుకుపోయి చూపించి రావడం నా పని. మామ ఇల్లు అక్కడే కాబట్టి మధ్యాహ్నం భోజనం అక్కడే. అత్త సంగటి ముద్ద వేసి, పక్కన ఊరిబిండి పచ్చడి పెట్టి కొసరి కొసరి వడ్డిస్తుంటే, కాబోయే అల్లుడి హోదాలో నేను కాళ్లు బార్లా చాపుకుని తింటూ ఉండేవాణ్ణి. లోపలి గదిలోంచి మాత్రం కత్తుల చప్పుడు వినిపిస్తూ ఉండేది.

ఆ కత్తులు మా మరదలివి. చదువుకని మామ కొనిచ్చిన కంప్యూటర్లో ఆమె ఒక గేమ్ ఆడేది. ఏదో రాజ్యం, దానికో ఆపద, ఆ ఆపద తీర్చడానికి బయలుదేరిన ఒక వీరవనిత. ఆ వీరవనిత మా మరదలే. అంతవరకూ నాకేమీ అభ్యంతరం లేదు, పైగా కొంచెం గర్వంగానే ఉండేది. చిక్కల్లా ఆమె వెంట తిరిగే నలుగురు మగవాళ్లతోనే. పగలంతా యుద్ధాలు చేసి సాయంత్రం గుడారాల దగ్గర మంట వేసుకున్నాక, ఈ పిల్ల ఒక్కొక్కడి దగ్గరికీ వెళ్లి మాట్లాడాలట. వాడు ఏదో అంటాడు. కింద నాలుగైదు జవాబులు కనిపిస్తాయి. వాటిలో ఒకటి ఎంచుకోవాలి. నచ్చే మాట చెబితే వాడి మనసు కాస్త దగ్గరవుతుంది, నచ్చని మాట చెబితే మొహం మాడ్చుకుంటాడు. అట్లా ఆట ముగిసేలోపు నలుగురిలో ఎవరో ఒకరితో మనసు కలుపుకోవచ్చు, అక్కర్లేదనుకుంటే మానుకోవచ్చు. ఇదంతా ఆమె నాకు ఓపిగ్గా వివరించింది. నేను చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి విన్నాను.

"ఈ తెల్లజుట్టోడు ఎవురే? మీ నాయన కంటే పెద్దోని మాదిరి ఉండాడు" అన్నాను.

"ముసలోడు కాదు బావా, మంత్రగాడు. వాండ్ల జుట్టు పుట్టినప్పటి నుంచే అట్లుంటాది."

"ఆ మీసాలాయన?"

"సేనాపతి. మంచోడే గానీ ఊరికే నీతులు చెప్తాంటాడు."

"మరి వీండ్లల్లో బావ ఎవురు?"

నేను నిజంగానే అడిగాను. మరదలు ఆట ఆపి, వెనక్కి తిరిగి, "ఆటలో బావ ఉండడు బావా" అంది. అని మళ్లీ తెల్లజుట్టువాడి వైపు తిరిగింది.

ఆ క్షణాన నా కడుపులో మొదలైన మంట ఊరిబిండి కారం వల్ల వచ్చింది కాదు. అసూయ. పచ్చి అసూయ. ఒంట్లో రక్తం లేని, కంప్యూటరు ఆపేస్తే మాయమైపోయే ఒక బొమ్మ మీద, చీరల మూట మోసుకుని తిరిగే నేను పళ్లు కొరకడం మొదలుపెట్టాను. దానికి తోడు ఆ పిల్ల వాడి కోసం పడే తాపత్రయం చూడాలి. వాడికి ఏం జవాబు చెప్పాలా అని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించేది. "ఇట్లంటే నొచ్చుకుంటాడేమో బావా, నువ్వేమంటావు?" అని నన్నే సలహా అడిగేది! నేను ఉన్న జవాబుల్లోకి అతి మోటుగా ఉన్నదేదో చూసి "అది కొట్టు" అనేవాణ్ణి. వాడు ఎటువంటి మంత్రగాడో గానీ, ముక్కుసూటి మాటలంటే ప్రాణమట. నేను కొట్టించిన ప్రతి మోటు మాటకూ వాడు చిరునవ్వు నవ్వి ఇంకాస్త దగ్గరికి జరిగేవాడు. మరదలు చప్పట్లు కొట్టి "బావా, నీకు భలే తెలుస్తాది అబ్బా" అని మెచ్చుకునేది. ఆ విధంగా నా మరదలి మనసును నా చేతులతోనే నేను వాడికి అప్పగించాను.

ఇట్లా ఉండగా కదిరి నుంచి మరదలికి ఒక సంబంధం వచ్చింది. బొమ్మ కాదు, నిజం మనిషే, ఉద్యోగం కూడా ఉంది. మా అమ్మ మాత్రం చలించలేదు. "వచ్చినోళ్లు కాఫీ తాగి పోతారులే, పాప మనది గదా" అంది. అయినా ఎందుకైనా మంచిదని నాయన చేత మామకు ఫోన్ చేయించింది.

"ఏమప్పా, లగ్నాలు పెట్టించేదా?" అన్నాడు నాయన.

"పాపను ఒక మాట అడిగి చెప్తా బావా" అన్నాడు మామ.

ఆ మాటకు మా ఇంట్లో జరిగిన గొడవ అంతా ఇంతా కాదు. "అడిగేదేముండాది? పెండ్లికి ముందు నన్నెవురన్నా అడిగినారా?" అని అమ్మ గట్టిగా అరిచింది. నాయనకు సరిగ్గా అప్పుడే దాహం వేసింది, లోపలికి వెళ్లిపోయాడు.

నా దిగులు వేరు. మామ అడుగుతాడు, సరే. ఆ పిల్లకు నలుగురిలోంచి ఎంచుకోవడం అలవాటైపోయిందే! కదిరివాడు, తెల్లజుట్టువాడు, మీసాలాయన, వాళ్ల వరుసలో చివర చీరల మూటతో నేను. అసలు ఆ ఆటలో ఆడపిల్లలకు ఏం నచ్చుతుందో కనిపెట్టాలని నిశ్చయించుకున్నాను. పెనుకొండలో నా స్నేహితుడొకడు పెళ్లి వీడియోలు తీసే స్టూడియో పెట్టుకున్నాడు. వాణ్ణి మేమంతా 'మిక్సింగ్' అని పిలిచేవాళ్లం. వీడియోల కోసమని వాడి దగ్గర మంచి కంప్యూటరు ఉండేది. హిందూపురం నుంచి తిరిగి వస్తూ పెనుకొండలో రైలు దిగి, వాణ్ణి బతిమాలి ఆ గేమే వేయించుకున్నాను. వాడు పక్క కంప్యూటర్లో ఎవరివో తలంబ్రాలకు పాటలు అతికిస్తుంటే, నేను వీరుణ్ణయి (అందులో మగవాడిగానూ ఆడొచ్చు) కత్తి పట్టాను.

అదృష్టం చూడండి, ఆట మొదట్లోనే ఒక కోట దొర, ఆటలోని మా నాన్నకు ప్రాణస్నేహితుడట, విలువిద్య వచ్చిన తన కూతుర్ని పిలిచి, "ఈమెను నీ వెంట పంపుతున్నాను, ఇక నీదే బాధ్యత" అన్నాడు. కన్నతండ్రి పిలిచి చేతిలో పెట్టాడు. మా లెక్కలో దాన్ని నిశ్చితార్థం అంటారు. ఇంక ఆ అమ్మాయి విషయంలో నేను నిశ్చింతగా ఉండిపోయాను. మంచి గుర్రం ఇచ్చాను, మంచి కవచం పెట్టాను, మర్యాదకు ఏ లోటూ చెయ్యలేదు. సాయంత్రం మంట దగ్గర ఆమె ఒక్కతే నిలబడి ఉండేది. పెళ్లి కాకముందు ఒంటరిగా ఉన్న పిల్లతో మాట్లాడటం బాగుండదని నేను తల వంచుకుని పక్కనుంచి వెళ్లిపోయేవాణ్ణి. మా గుంపులో ఒక పాటగాడు ఉండేవాడు, యుద్ధానికి పనికిరాడు. వాణ్ణి ఆమెకు తోడుగా కాపలా ఉండమని నేనే చెప్పాను. అట్లా పెనుకొండలో కొన్నాళ్ల మజిలీల తర్వాత చివరి యుద్ధం ముందర ఆమె నా దగ్గరికి వచ్చింది. ఇక పెళ్లి మాటే అనుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. "నువ్వు మంచి నాయకుడివి. యుద్ధం ముగిశాక నేను ఇతనితో వెళ్లిపోతాను" అని పాటగాడి చెయ్యి పట్టుకుంది. నేను "రేయ్!" అని అరిచిన అరుపుకు మిక్సింగ్ ఉలిక్కిపడి, మాంగల్యధారణ దగ్గర విషాద గీతం అతికించేశాడు.

ఆ తర్వాత హిందూపురం వెళ్లినప్పుడు చీరల మూట దుకాణంలో పడేసి నేరుగా మామ ఇంటికి వెళ్లాను. మరదలు మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. "ఆ గేమ్ తప్పు" అన్నాను ఆయాసపడుతూ. "వాళ్ల నాయనే ఆ పిల్లను నా చేతిలో పెట్టినాడు. గుర్రం ఇస్తి, కవచం ఇస్తి. కడకు పాటగానితో పోతానంటాది."

"సాయంత్రం పూట ఆ పిల్లతో మాట్లాడితివా?"

"పెండ్లికి ముందు మాట్లాడేదేముంటాది? బాగుండదు గదా."

మరదలు పడీ పడీ నవ్వి, నవ్వలేక పిట్టగోడ మీద కూలబడింది. నవ్వు ఆగాక ఆమె గొంతు మారింది. "బావా, ఆ పిల్ల మంట దగ్గర దినామూ నీ కోసరమే నిలబడి ఉంటాది. నువ్వు పోయి అడగల్ల. వాళ్ల నాయన ఇస్తే అయిపోతాదా? ఆ పిల్ల ఏమంటాదో తెలుసుకోవద్దా?"

నాకు అప్పుడు వచ్చిన ధైర్యం మళ్లీ ఏనాడూ రాలేదు. "అయితే నిన్నే అడుగుతాండా. నన్ను చేసుకునేది నీకిష్టమేనా?" అనేశాను.

ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. తెల్లజుట్టువాడికి జవాబు వెతికేటప్పుడు అట్లాగే పెట్టుకునేది. నా మాటకు కూడా అంత ఆలోచన దక్కినందుకు, సిగ్గులేకుండా, నాకు సంతోషమేసింది.

"వద్దు బావా" అంది చివరికి. "కదిరి ఆయప్పకూ వద్దనే చెప్పమన్నా. నాకు ఇంకా చదవాలని ఉండాది. నీకెట్ల చెప్పల్లనో తెలీక ఊరికే ఉంటి. పెద్దోళ్లు లగ్నాలు పెట్టేసుంటే ఏమీ అనకుండా తల వంచుకుని చేసుకునేదాన్ని. నువ్వు అడిగితివి కాబట్టి చెప్పేకి ధైర్యమొచ్చింది."

అంటే అడక్కపోయి ఉంటే దక్కేదన్నమాట! కోరి కోరి అడిగి పోగొట్టుకున్న మొనగాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే. కింద అత్త అన్నానికి పిలిస్తే ఆకలి లేదని చెప్పి రైలెక్కాను. కదిరివాడికి కూడా వద్దనే అందన్న సంగతి గుర్తొచ్చి, పెనుకొండ దాటేసరికి కొంచెం ఊపిరాడింది. (అసూయకు ఆమాత్రం మందు చాలు.) ఇంటికొచ్చి చెబితే అమ్మ తల పట్టుకుంది. "నిన్నెవుర్రా అడగమన్నేది? అదేమన్నా అడిగే సంగతా?" అని తిట్టి, తిట్టి, అలిసిపోయి వంటింట్లోకి పోయింది. నాయన మగ్గం దగ్గరే కూర్చుని ఉన్నాడు. అమ్మ వెళ్లిందాకా ఆగి, "మంచి పనే చేస్తివిలేప్పా. నేనైతే ఆ పొద్దు మీ అమ్మను అడగలేదు. అడిగుంటే ఏమనేదో" అన్నాడు, నా మొహం చూడకుండా.

కొన్నేళ్లకు బత్తలపల్లిలో ఒక పిల్లను చూడబోయాము. ఈసారి పాఠం నేర్చుకున్నవాణ్ణి కదా, అందరి ముందే గొంతు సవరించుకుని "నీకిష్టమేనా?" అని అడిగాను. వాళ్ల అవ్వ నోరు తెరిచింది, మా అమ్మ కళ్లు మూసుకుంది. ఆ పిల్ల మాత్రం తొణక్కుండా నా వైపు చూసి, "నాకిష్టమే. మరి నీకు?" అంది.

ఆ ప్రశ్న అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. మరదలు నాది అనుకున్నాను, ఎవడో ఎత్తుకుపోతున్నాడని కుళ్లుకుని చచ్చాను. ఆమె నాకు ఇష్టమా అని మాత్రం ఒక్క పూటైనా ఆలోచించలేదు. పిలిచి అడగబట్టి, కాఫీ చల్లారేదాకా ఆలోచించి, "ఇష్టమే" అన్నాను. ఆ పిల్లే ఇప్పుడు నా భార్య. నా తలలోనూ అక్కడక్కడా తెలుపు దిగుతోంది. బొమ్మల మీద పళ్లు కొరుక్కుంటూ చీరల మూటతో హిందూపురం వీధుల్లో తిరిగిన ఆ కుర్రవాడు గుర్తొస్తే జాలేస్తుంది, నవ్వొస్తుంది. పాపం, అన్ని నెలలు అంత అసూయ పడ్డాడు గానీ, తను ప్రేమించాడో లేదో వాడికి ఇప్పటికీ తెలియదు.