‘తెలియదు’ అని రాసిన యాదగిరి గారు

యాదగిరి గారు గత మంగళవారం పొద్దున నార్సింగిలోని తమ అద్దె ఇంట్లో గుండె ఆగి కన్నుమూశారు. ఆ కబురు మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పడగానే చేతులు జోడించిన బొమ్మలు వరుస కట్టాయి. నాకు దుఃఖం కన్నా ముందు ఒళ్లు మండిపోయేంత కోపం వచ్చింది. ఆ బొమ్మలు పెట్టినవాళ్లలో సగంమంది కంప్యూటర్లను బతికించింది ఆయనే. ఆయన ఉద్యోగం ఊడిన రోజున వాళ్లలో ఒక్కరూ నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు.

హైటెక్ సిటీలోని మా కంపెనీలో ఆయన కంప్యూటర్లు బాగుచేసేవారు. ఏజెన్సీ తరఫున వచ్చిన మనిషి కనుక మా ఉద్యోగుల జాబితాలో ఆయన పేరు ఉండేది కాదు. జనగామ వైపు పల్లె నుంచి వచ్చి, డిగ్రీ మధ్యలో మానేసి, స్వయంకృషితో ఈ విద్యలో అసాధారణమైన ప్రజ్ఞ సంపాదించారు. యాభై దాటిన ఆ పెద్దమనిషిని పాతికేళ్లవాళ్లు కూడా ‘యాదగిరీ’ అని కేకేసేవాళ్లు. మేము ‘గారు’ తగిలించడానికి ఆయన చచ్చిపోవలసి వచ్చింది.

ఆయన పనితీరు విలక్షణం. పాడైన కంప్యూటరు ముందు తాను కూర్చునేవారు కాదు. పాడుచేసినవాణ్ణే కూర్చోబెట్టి, పక్కన నిలబడి, ఏం కొట్టాలో ఒక్కొక్క అక్షరం చెప్పేవారు. చేసిన తప్పు చేసిన చేతులకే గుర్తుండాలని ఆయన పట్టుదల.

రెండేళ్ల కిందట నా వంతు వచ్చింది. ఒక పాత ప్రోగ్రాము ఎంతకీ పోవడం లేదని, ఇంటర్నెట్‌లో ఎవరో రాసినది చూసి, రిజిస్ట్రీ తెరిచి చేతికి దొరికినవన్నీ తీసేశాను. కంప్యూటరు తన లోపల ఏది ఎక్కడుందో, ఎలా నడవాలో రాసి పెట్టుకునే చోటది. మళ్లీ ఆన్ చేస్తే తెర నల్లబడి ఊరుకుంది. మర్నాడు క్లయింటుకు చూపించాల్సిన పని అందులోనే ఉంది. విండోస్ మళ్లీ వేస్తే నెలరోజులుగా అమర్చుకున్నదంతా మట్టిలో కలిసినట్టే.

“ఏం ముట్టిన్రో జర జెప్పున్రి సార్. జెప్తే జల్దీ అయితది,” అన్నారాయన.

నేనేమీ ముట్టలేదని, దానంతటదే ఆగిపోయిందని నిస్సిగ్గుగా అబద్ధమాడాను. ఆయన వాదించలేదు. పెన్‌డ్రైవ్ పెట్టించి, దాని ద్వారా కంప్యూటరును తెరిపించారు. చెడిపోయిన రిజిస్ట్రీ ఫైళ్లను పారేయనివ్వలేదు, పేరు మార్చి పక్కన పెట్టించారు. వాటి స్థానంలో తాను దాచి ఉంచిన నకలు తెచ్చి పెట్టించారు. ప్రతి సోమవారం మా ఫ్లోరులోని కంప్యూటర్లన్నింటి రిజిస్ట్రీకీ నకలు తీసి దాచడం కంపెనీ అప్పగించిన పని కాదు, ఆయన తనకు తాను పెట్టుకున్న నియమం. తెర వెలిగింది. నా పని ఎక్కడిదక్కడ ఉంది. అప్పుడు మాత్రం తల దించుకుని నిజం చెప్పాను.

“తీసేసుడు అందరికొస్తది సార్. తీసే ముందుగాల దాసుకునుడు నేర్సుకోవాలె,” అన్నారు.

తర్వాత తాము చేసిన రిపేర్లన్నీ రాసుకునే రిజిస్టరు తెరిచి, నా కంప్యూటరు నంబరు వేసి, ‘కారణం’ అన్నచోట ‘తెలియదు’ అని రాశారు. నేను ఆశ్చర్యపోయి అడిగాను.

“మీ పేరు రాస్తే మీకు మెమో ఇస్తరు. నాకేమైతది, ఇడువున్రి.”

నా ఒక్కడికే కాదు, అందరికీ అలాగే రాసేవారని తర్వాత తెలిసింది. కంప్యూటరు వేగం పెరుగుతుందని ఏదో ప్రోగ్రాము తెచ్చి నడిపి, రిజిస్ట్రీని సర్వనాశనం చేసుకున్న మా మేనేజరుకూ అదే మాట రాశారు. పోయిన ఏడాది ఏజెన్సీ ఒప్పందం పొడిగించే సమయంలో ఆ మేనేజరే ఆ రిజిస్టరు తిరగేసి, ఇన్నిసార్లు కారణం తెలియదని రాసినవాడికి పనేం తెలుసని మీటింగులో అన్నాడు. తన ‘తెలియదు’ కూడా అందులో ఉందని అతనికి తెలుసు. నాది ఉందని నాకు తెలుసు. నా ప్రమోషను ఆ వారమే తేలాల్సి ఉంది. నేను లాప్‌టాప్‌లోకి చూస్తూ కూర్చున్నాను. ఆ పిరికితనానికి ఇంకో పేరు పెట్టి నన్ను నేను బుజ్జగించుకోలేను.

అలా యాదగిరి గారిని తీసేశారు. ఉద్యోగంతో పాటే ఆయన ఆరోగ్య బీమా పోయింది. మణికొండలో ఒక జిరాక్స్ షాపులో బల్ల వేసుకుని రిపేర్లు చేశారు. ఛాతీ నొప్పిని గ్యాస్ అని సరిపెట్టుకుంటూ దవాఖానకు వెళ్లడం వాయిదా వేశారట.

మూడో రోజున వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య సుగుణమ్మ గారు నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. “ఆయనకు పని రాదని తీసేసిన్రంట. నిజమేనా సార్?”

చుట్టూ బంధువులున్నారు. జరిగిందంతా చెప్పేశాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. ఇంతే అన్నారు:

“గీ మాట ఆయనున్నప్పుడు అక్కడ జెప్పుంటే అయిపోతుండె గద.”

అలాంటి నిపుణుడు మా ఆఫీసుకు మళ్లీ దొరకడు. అంత దొడ్డ మనసుకు మేము ఏనాడూ తగినవాళ్లం కాము. చేతులు జోడించిన బొమ్మలు పెట్టినవాళ్లకు నాదొక్కటే మాట: ఆ రిజిస్టరులో ఎవరి వరుస వాళ్లు దిద్దండి. నాది ఇక్కడే అందరి ముందూ దిద్దుతున్నాను. కారణం తెలియదన్నది అబద్ధం. కారణం నేను. యాదగిరి గారికి పని వచ్చు.