బీజాపూర్ రోడ్డు మీద నీలవేణి

మా ఆలూరు కుర్మయ్యకు ఒక్కతే బిడ్డ, నీలవేణి. చేవెళ్లల డిగ్రీ అయిపోయినంక ఆమె కూడ అందరి తీరుగనే అమీర్‌పేటకు పోయి కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటదనుకున్నం. అది రెండు వేల ఆరో సంవత్సరం. మోకిల దిక్కు చెల్కలల్ల ప్లాట్ల రాళ్లు పాతుతున్నరు. గచ్చిబౌలిల అద్దాల బిల్డింగులు లేస్తున్నయి. మా బస్సులల్ల టమాట రేటుతో పాటు సాఫ్ట్‌వేర్ జీతాల ముచ్చట కూడ నడిచేది.

నీలవేణి మాత్రం మొయినాబాద్ దగ్గర కొత్తగ పెట్టిన ఒక కాలేజీల విపత్తు నిర్వహణ అనే ఏడాది కోర్సుల చేరింది. ఆ మాట కుర్మయ్యకు నోరు తిరగలే. గొర్లు కాసుకునే మనిషి, బిడ్డ ఏం చదువుతున్నదో నలుగురికి చెప్పుకోవాలె గద. ఆపదలు వస్తే ఏం చెయ్యాల్నో నేర్పిస్తరని ఆమె చెప్తే, ఆపద ఎప్పుడొస్తదా అని కూసోని చూస్తరా బిడ్డా అని అడిగిండు.

"వచ్చినా మంది సావకుండ చూస్తం బాపు," అన్నది నీలవేణి.

నేను బంతిపూల గంప ఏసుకోని రోజూ పొద్దుగాల ఆమె కాలేజీకి పోయే బస్సుల్నే పట్నం పోయేదాన్ని. నా పక్కన సీటు ఖాళీ ఉంటే నీలవేణి వచ్చి కూసునేది. కాలేజీల చూసినవన్ని నాకు చెప్పేది. వాళ్లకు చదువు చెప్పే జనార్దన్ సారు ఫైర్ డిపార్ట్‌మెంటుల పని చేసి రిటైరయినాయన. ఒకరోజు ఆయన తరగతిల పొడుగు రేకు గొట్టాన్ని నడిమికి చీరిచ్చి, కాలువ తీరు చేసి, ఏటవాలుగ నిలబెట్టిండట. కింది కొసకు చిన్న దీపం పెట్టిండు. పై కొసకు పెట్రోలుల తడిపిన గుడ్డ పెట్టిండు. అందర్ని ఎనకకు జరగుమని చెప్పి, ఇగ చూడున్రి అన్నడట. కొద్దిసేపు ఏం కాలేదు. ఇద్దరు పిల్లలు నవ్విన్రట కూడ. అంతల్నే కింది దీపం దగ్గర మంట లేచి, ఖాళీగ ఉన్న ఆ కాలువల నుంచి పైకి ఉరికి గుడ్డకు అంటుకున్నది.

"అండ్ల ఏం లేదు అక్కా. కండ్లకు ఏం కనపడలే. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువట. నీళ్ల లెక్క పల్లానికి పారుతదట," అన్నది. ఆ ముచ్చట చెప్పెటప్పుడు ఆమె మొఖం చూడాలె. దేవుని చూసొచ్చిన మనిషి తీరు ఉండె.

వానలు ఎనకబట్టిన ఒకరోజు బీజాపూర్ రోడ్డు మీద మా బస్సు చేవెళ్ల దాటింది. ఇంకా మొయినాబాద్ రాకముందే, రోడ్డు వంగే ఒక చిన్న ఊరి దగ్గర ఆగింది. ముంగట పెట్రోలు ట్యాంకరు పక్కకు ఒరిగి పడి ఉన్నది. దాని పొట్ట కాడ పగిలి, ఎండల తళతళ మెరుసుకుంట పెట్రోలు రోడ్డు పక్క కాలువలకు దుంకుతున్నది. ఊరు ఊరంత ఆడనే ఉన్నది. బకెట్లు, బిందెలు, డబ్బాలు, ఏది దొరికితే అది పట్టుకోని కాలువలకు దిగిన్రు. ఆడోల్లు చీరెలు ఎగజెక్కి ముంచుతున్నరు.

నీలవేణి దిగింది. ఆమె ఎనక నేను దిగిన. ట్యాంకరు డ్రైవరు నెత్తికి దెబ్బ తాకి రోడ్డు అంచుకు కూసోని ఉంటే, ముందుగాల ఆయన దగ్గరికి పోయి బండిల ఏమున్నదో అడిగి తెలుసుకున్నది. మా కండక్టరుకు చెప్పి బస్సు ఇంజను ఆపిచ్చింది, ప్రయాణికులందర్ని దింపి ఎనకకు నడిపిచ్చింది. దూరం పోయి ఫైరింజనుకు ఫోన్ చెయ్యుమన్నది. రెండు దిక్కుల బండ్లను ఆపుమని ఇద్దరు మొగోల్లను పంపింది. అప్పుడు కాలువ దిక్కు తిరిగి, బయటికి రాన్రి, అంటుకుంటదని గట్టిగ మొత్తుకున్నది.

ఎవరూ తల ఎత్తలే. ఎట్లైనా మట్టిల పోయేదే గద అని ఒకరన్నరు. ఈ పిల్ల ఎవరని ఇంకొకరు అడిగిన్రు.   నువ్వు చెప్పేది చెప్పినవు, ఇగ పోదాం పా అని నేను నీలవేణి చెయ్యి గుంజిన. ఆమె నా మాట ఇనలే. ఆ కాలువ ఎటు పోతున్నదో చూస్తున్నది.

ఆ కాలువ పల్లానికి పోయి ఒక గుడిసె హోటలు ముంగటి నుంచి పోతున్నది. హోటల్ల పొయ్యి మండుతున్నది. పొగ మా దిక్కు రాకుండ అవతలికి పోతున్నది, అంటే గాలి ట్యాంకరు మీదికెల్లి హోటలు దిక్కే కొడుతున్నది.

నీలవేణి రోడ్డు మీద పోలే. పత్తి చేన్ల పడి, దూరంగ తిరిగి ఉరికింది. నేను ఆమె ఎంబడి ఉరికిన. హోటలు నడిపే మైసమ్మ చాయ్ కాస్తున్నది. గట్టి మనిషి, పెద్ద గొంతు.

"అవ్వా, పొయ్యి ఆర్పు. కాలువల ఆవిరి నీ పొయ్యి దాక వస్తున్నది. అంటుకుంటే ఆడున్నోల్లందరు కాలుతరు," అన్నది నీలవేణి.

మైసమ్మ ఆమె దిక్కు చూసింది. ముక్కు ఎగబీల్చింది. వాసన అప్పటికే గుమ్మం దాక వచ్చింది. ఇంకో మాట అడగలే. నీళ్ల బిందె ఎత్తి పొయ్యిల బోర్లిచ్చింది. నిప్పులు సుయ్యిమని నల్లబడేదాక కుమ్మరిచ్చింది.

"నా మాట ఇంటలేరు అవ్వా. నువ్వు పేరు పెట్టి పిలువు."

మైసమ్మ చేన్లకు వచ్చి గట్టు మీద నిలబడ్డది. పాండూ, బకెట్ ఆడనే పెట్టి పైకి రా అని పిలిచింది. పాండు తల ఎత్తిండు. వసంతా, నీ పిల్ల ఇంట్ల ఏడుస్తున్నది, రాయే అన్నది. ఒక్కొక్కరిని ఇంటి పేరుతోటి, అయ్య పేరుతోటి పిలుసుకుంట పోయింది. పాండు బకెట్ ఇడిచిపెట్టి ఎక్కిండు. వసంత ఎక్కింది. ఇగ చూడు, గొర్ల మంద మళ్లినట్టు అందరు మళ్లిన్రు. ఇందాక ఎంత మొత్తుకున్నా ఇననోల్లు ఒకరెనక ఒకరు కాలువ ఇడిసి చేన్లకు వస్తుంటే నాకు రోమాలు నిక్కబొడుసుకున్నయి. నీలవేణి వాళ్లను అడ్డంగ చేన్లకెల్లి గాలి వచ్చే దిక్కుకు, ఎత్తు గడ్డ మీదికి తోలుకపోయింది. దెబ్బ తాకిన డ్రైవరును ఇద్దరు మోసుకొచ్చిన్రు.

ఆడ నిలబడి కూడ కొందరు గొణిగిన్రు. నిండిన బకెట్ ఇడిచిపెట్టొస్తినని పాండు బాధపడ్డడు. ఆ మాట ఇంకా నోట్లనే ఉన్నది.

ముందు చప్పుడు కాలే. కాలువల ఒక పసుపు పచ్చని ఎలుగు ఉరికింది, అంతే. రెప్ప కొట్టేలోపల ట్యాంకరు నుంచి హోటలు దాక కాలువ మొత్తం మంట అయ్యింది. ఎనకనే గుండెల్ల గుద్దినట్టు చప్పుడు వచ్చింది. మంట రోడ్డు పక్క చెట్ల కంటే పైకి లేచింది. నల్లని పొగ సూర్యుని కప్పితే పొద్దుటి పూట మసకబడ్డది. అంత దూరంల ఉన్నా చెంపలు సుర్రుమన్నయి. కాలువల ఇడిసిన బిందెలు, బకెట్లు మా కండ్ల ముందే ముద్దలయినయి. మైసమ్మ గుడిసె కప్పు ఎండాకు తీరు కాలిపోయింది. దేంతోటి అంటుకున్నదో ఇప్పటిదాక ఎవరికీ తెల్వది.

  చిన్నపిల్లలు తల్లుల కాళ్లు పట్టుకోని మంట దిక్కే చూస్తున్నరు.  నీలవేణి మంది నడుమ తిరిగి, మీ ఇంటోల్లు అందరు ఉన్నరా అని ఒక్కొక్కరిని అడిగింది. అందరు ఉన్నరు.

ఫైరింజన్లు వచ్చి మంట తగ్గినంక, ముచ్చట తెలిసి జనార్దన్ సారు స్కూటర్ మీద వచ్చిండు. ఆయన నీలవేణిని మెచ్చుకుంటడని చూసిన. ఆయన ముందు గడ్డ మీది మంది దిక్కే చూసిండు, శానసేపు. కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు.

"నా నౌకరిల ఇసొంటి మంటలు ఎన్నో చూసిన బిడ్డా. పక్కన ఇంతమంది పానంతోటి నిలబడ్డది ఇయ్యాలనే చూస్తున్న," అన్నడు.

నేను కాదు సార్, పిలిచింది మైసమ్మవ్వ, అన్నది నీలవేణి. అప్పుడు ఏడ్చింది.

ఆ ఊరోల్లు తలో చెయ్యి ఏసి మైసమ్మ హోటలుకు మళ్ల రేకులు కప్పిన్రు. నీలవేణి కోర్సు పాసయింది. గచ్చిబౌలిల ఒక పెద్ద ఆఫీసు బిల్డింగుకు సేఫ్టీ చూసే నౌకరి దొరికింది. ఏడాది తిరిగినంక, ఇయ్యాల మా దగ్గర నిప్పు అంటుకుంటే అందర్ని కిందికి దింపే రిహార్సల్ ఉన్నది, జర చూద్దురు రాన్రి అని కుర్మయ్యను, నన్ను పిలిచింది. రోడ్డుకు అవతల నిలబడ్డం. గంట మోగింది. మెట్ల దిక్కు తలుపులు తెరుచుకున్నయి. మెడల కార్డులు ఏసుకున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు వస్తున్నరు, వస్తున్నరు, ఒడుస్తలేరు. తోసుకుంట కాదు, ఉరుకుకుంట కాదు. ఆ అద్దాల ఎనక ఇంత లోకం ఉన్నదని నాకు తెల్వనే తెల్వది. నీలవేణి పసుపు కోటు ఏసుకోని తలుపు కాడ నిలబడి, చెయ్యి ఊపుకుంట అందర్ని పంపింది. అందరెనక ఆమె వచ్చింది.

కుర్మయ్య భుజం మీది గొంగడి సర్దుకొనుడు మరిచిండు. ఖాళీ అయిన బిల్డింగు దిక్కు మెడ ఎత్తి చూసి చూసి, వీళ్లంత మళ్ల అంత పైకి ఎట్ల ఎక్కుతరని నన్ను మెల్లగ అడిగిండు. లిఫ్టు ఉంటది అన్నా, అని చెప్పిన. ఆయన ఇన్నడో లేదో. పసుపు కోటు ఎటు పోతే అటే చూస్తున్నడు.