రెండు చెర్రీ సెంట్లు, నా రెండు చేతులు

ఆ రోజుల్లో నాకు తెలియని వాసనంటూ లేదని నా గట్టి నమ్మకం. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో కొత్తగా చేరాను. కాయను తుంచి, అరచేతుల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని రకం చెప్పేసేవాణ్ణి (మా బాబాయి పక్కనుంచి సరిదిద్దేవాడనుకోండి, అది వేరే సంగతి). అప్పుడే పొదిలి టీచరమ్మతో పెళ్లి కుదిరింది. ఆదివారం చర్చిలో మా పెళ్లి ప్రకటన చదవాలి. తీరా చూస్తే వాళ్లమ్మగారికి అనుమానం! అబ్బాయికి నిజంగా ఉద్యోగం ఉందా, ఊరికే బలాదూర్ తిరుగుతున్నాడా అని. అది తేలేదాకా ప్రకటన ఆపమన్నారట.

అలాంటి సమయంలో ఆ అమ్మాయే ఫోన్ చేసి, "పెళ్లికి సెంటు కొనుక్కోవాలని గుంటూరు వచ్చానండీ, మీరూ రండి" అంది. ఇది పరీక్షేనని అర్థమై, యార్డు నుంచి అట్నుంచటే ఆటో ఎక్కాను. సెంటు కొట్టులో అమ్మే అమ్మాయి మా ముందు రెండు సీసాలు పెట్టింది. రెండూ ఎర్రవే, రెండూ చెర్రీ వాసనే. "ఏది బాగుందో మీరే చెప్పండి" అంది నా కాబోయే ఆవిడ. కొట్టమ్మాయి కాగితం ముక్కలు అందించబోతే, "కాగితం మీద ఏం తెలుస్తుందండీ, చేత్తో చూడాలి!" అని, ఒక అరచేతిలో ఇదీ, రెండో అరచేతిలో అదీ కొట్టుకుని, అలవాటు కొద్దీ రెండు చేతులూ కలిపి బరబరా నలిపేశాను.

"అయ్యయ్యో, రెండూ కలిపేశారేంటండీ!" అని ఆవిడ కేక. నేను బిక్కచచ్చిపోయి, చేతులు ముక్కుకి ఆనించి గట్టిగా పీల్చాను. దేవుడా! పొద్దుటి నుంచి నలిపిన మిరపకాయల ఘాటంతా నెత్తికెక్కింది. నేను తుమ్మాను. ఏమైందోనని నా చేతుల మీదికి వంగి ఆవిడ తుమ్మింది. కొట్టమ్మాయి తుమ్మింది. ఎవరో పెద్దావిడ కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది!

కళ్లు ధారలు కడుతుండగా ఆవిడ ఫోన్ తీసి, "అమ్మా, ఈయన సంగతి తేలిపోయింది" అంది. ఆవిడ ముక్కు తుడుచుకుని, "ఉద్యోగం నిజమేనే. ప్రకటన చదివించెయ్యమను" అంది.

నోరు తెరుచుకుని నిలబడిపోయిన అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ జాలీ, నవ్వూ కలిసి వస్తాయి. ఆ రెండు సెంట్లలో ఏది బాగుందో మాత్రం నన్నడగొద్దు.