మా తోడికోడలి ఏడురాళ్ల కమ్మలు

మా తోడికోడలంటే నాకు కుళ్లు. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. బంధువులంతా మమ్మల్ని సొంత అక్కాచెల్లెళ్లలా ఉంటారని మెచ్చుకుంటారు. అల్లూరు దగ్గర మా రెండు కుటుంబాల రొయ్యల గుంటలు పక్కపక్కనే. ఒకే కాలవ నీళ్లు, ఒకే మేత. ఆ ఏడు మా గుంటకు తెల్లమచ్చల వైరస్ తగిలి రొయ్యంతా చచ్చి తేలింది. గట్టుకు అవతల మా మరిది గుంటకు మాత్రం ఈగ కూడా వాలలేదు. వాళ్ల రొయ్యల పట్టుబడి అయి డబ్బు చేతికొచ్చిన వారానికే ఆమె మా ఇంటికొచ్చి కూర్చుంది.

"అక్కా, వజ్రాల కమ్మలు తీసుకుందామనుకుంటా ఉండాం. ఏడురాళ్లవి. నువ్వు రావాల. నీ కన్ను ఎవరికుండాది?"

నా కన్ను సంగతి నిజమే. పట్టుబడి రోజున గుప్పెడు రొయ్యలు చేతిలోకి తీసుకుని, కిలోకు నలభై తూగుతాయో యాభై తూగుతాయో తక్కెడ కంటే ముందు నేనే చెప్తాను. కానీ ఏడురాళ్ల కమ్మలు పెళ్లయిన కొత్తలో నేను నోరు తెరిచి అడిగి, రాక, ఊరుకున్నవి. ఆమెకు అడక్కుండానే వస్తున్నాయి. తలనొప్పి అని తప్పించుకుందామనుకున్నాను. చివరికి వెళ్లాను. ఏదో ఒక వంక దొరక్కపోతుందా అన్న ఆశతోనే వెళ్లాను.

నెల్లూరులో నగల కొట్టాయన పెద్దవయసు మనిషి, ఓపిక ఎక్కువ. కాగితం మీద రెండు విడిరాళ్లు పెట్టి, "ఏది మేలురకమో చెప్పమ్మా" అన్నాడు. నేను ఠక్కున పెద్దదాన్ని చూపించాను. మా రొయ్యల్లో లావుదానికే రేటు మరి. ఆయన నవ్వి, చిన్నదే రెండింతలు పలుకుతుందన్నాడు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. మా తోడికోడలు నవ్వలేదు. నవ్వినా బాగుండేది, ఆమె మీద కోపం పెట్టుకోవడానికి నాకో కారణం దొరికేది.

క్యారెట్లంటే బరువు ఒక్కటేనట, ఇంకా మూడు చూడాలట. తెల్లకాగితం మడతలో రాయిని బోర్లా పెట్టించి పక్కనుంచి చూడమన్నాడు. పెద్దరాయిలో లేత పసుపు జీర కనిపించింది. నీళ్లలా రంగు లేనిదే మేలట. తర్వాత చెక్కుడు. అది సరిగా కుదరకపోతే లోపలికెళ్లిన వెలుగు అడుగునుంచి జారిపోతుందట, ఎంత బరువున్నా రాయి మబ్బుగా ఉంటుందట. ఆఖరిది శుభ్రత. చిన్న భూతద్దం కంటికి ఆనించి రాయి లోపల చుక్కలూ గీతలూ వెతకడం. ఏ మచ్చా లేని రాయి దొరకడమే అరుదనీ, కంటికి కనపడని చుక్కతో ముప్పేమీ లేదనీ, దాన్నిబట్టి గ్రేడు కాస్త తగ్గుతుందంతేననీ చెప్పాడు. బళ్లో కూడా నేనంత శ్రద్ధగా వినలేదు.

ఆమె ఎంచుకున్న కమ్మల్లో పద్నాలుగు రాళ్లూ ఒక్కటొక్కటే భూతద్దంలో చూశాను. తొమ్మిదో రాయిలో దొరికింది. ఆవగింజలో వందో వంతు నల్లచుక్క. అది ఏమీ కాదని నాకు అప్పటికే తెలుసు. అయినా భూతద్దం దించి, "కాకిపాదం" అన్నాను.

వజ్రంలో కాకికాలు ఆకారంలో మచ్చ ఉంటే ఇంటి మగవాడికి కీడని మా పెద్దవాళ్ల భయం. మా తోడికోడలి చెయ్యి తాళిబొట్టు మీదికి పోయింది. కొట్టాయన నావైపు ఒక్క క్షణం చూసి, కమ్మలు లోపల పెట్టేశాడు. తిరుగుబస్సు కోవూరు దాటేదాకా నాకు హాయిగానే ఉంది. తర్వాత ఆమె నా భుజం మీద తల పెట్టి, "నువ్వు లేకపోతే ఏమయ్యుండేదో అక్కా" అన్నది.

నెల తిరక్కుండా ఇంకో జత చూశారు. ఈసారి ఎంత వెతికినా నాకు చుక్క దొరకలేదు. నా వంకే ఆమెకు మేలు జాతి రాళ్లు వెతికిపెట్టింది. మా వైపు వజ్రం కొనేముందు మూడు రోజులు ఇంట్లో పెట్టుకుని చూస్తారు. చెడు ఏమీ జరగకపోతే ఉంచుకుంటారు, జరిగితే తిరిగిచ్చేస్తారు. తెలిసినవాళ్లకు కొట్టాయన అలా ఇస్తాడు. ఆమె ఆ కమ్మల డబ్బీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మా ఇంట్లో వద్దక్కా, నాకు భయం. నీది మంచి చెయ్యి. నువ్వు చూసి చెప్పు."

ఇక నా నోటిమాటే మిగిలింది. కాలు జారిందన్నా చాలు, పాలు విరిగాయన్నా చాలు. అబద్ధం సిద్ధంగానే పెట్టుకున్నాను.

మూడు రోజులూ మధ్యాహ్నం ఆ కమ్మలు నేనే పెట్టుకున్నాను. అద్దంలో ఎంత బాగున్నాయో చెప్పలేను. మూడోరోజు తియ్యకుండా మా ఆయనకు అన్నం వడ్డించాను. ఎదురుగా కూర్చుని, తల అటూ ఇటూ తిప్పుతూ పులుసు పోశాను. ఆయన కంచంలోంచి తలెత్తి నా ముఖం వంక చూశాడు. "పెరుగుందా?" అన్నాడు.

సాయంత్రం ఆమె వచ్చింది. "ఏమన్నా జరిగినాదా అక్కా?"

అబద్ధం ఆడే ఓపిక కూడా నాలో లేకపోయింది. "ఏం జరగలేదు. తీసుకో" అన్నాను.

ఆమె అక్కడే, నా ముందే, పెట్టుకుంది. ఆమెను తీసుకుపోవడానికి వచ్చిన మా మరిది బండి ఆపి, వీధిలోనుంచే చూసి, దిగడం మరిచి అలాగే ఉండిపోయాడు. అన్నాళ్లూ నా కుళ్లు రాళ్ల మీదే అనుకున్నాను.